ప్రీపెయిడ్ మీటరు పెట్టించుకునేవాళ్లు ముందుగా చూసుకోవలసినవి

అందరికీ నమస్తే. హన్మకొండలో రెండు పోర్షన్ల ఇండ్లున్నవాళ్లు మీటరు మార్చకముందే న్యూట్రల్ (కరెంటు తిరిగిపోయే వైరు) చూపించుకోండి. పాత వైరింగులో ఫేజులు (కరెంటు వచ్చే వైర్లు) వేరుగా ఉన్నా, న్యూట్రల్ లోపల ఎక్కడో కలిపి ఉంటది. ఇప్పటి మీటర్లు చాలావరకు ఫేజు, న్యూట్రల్ రెండింటి కరెంటునూ చూసి, ఎక్కువున్నదాన్నే లెక్కేస్తయి. పక్క పోర్షన్ కరెంటు మీ న్యూట్రల్ మీదుగా తిరిగొస్తే తరిగేది మీ బ్యాలెన్సే. కిరాయిదారులతో కొట్లాటలు ఇక్కడే మొదలైతయి.

పరీక్ష సులువే. మెయిన్ స్విచ్ ఆన్‌లోనే ఉంచి, మీ ఎంసీబీలన్నీ (బోర్డులోని సేఫ్టీ స్విచ్చులు) దించండి. పక్కవాళ్లను గీజర్ వేయమనండి. మీ మీటరు మీద ఎర్ర లైటు మిణుకుమంటే న్యూట్రల్ కలిసినట్టే, ఎలక్ట్రీషియన్‌తో విడదీయించండి.

పాత మీటరు విప్పేముందు కేడబ్ల్యూహెచ్ (యూనిట్ల) రీడింగు, మీటరు నంబరు రెండూ కనబడేటట్టు ఫొటో తీసుకోండి. ఆఖరి బిల్లు తేడా వస్తే అదే ఆధారం.

బిల్లు మీద మంజూరైన లోడు (మీరు ఒకేసారి వాడుకోవడానికి ఒప్పుకున్న కిలోవాట్లు) ఎంతుందో చూడండి. 2000 వాట్ల గీజర్, 1500 వాట్ల ఏసీ కలిస్తేనే మూడున్నర కిలోవాట్లు. ఈ ప్రీపెయిడ్ స్మార్ట్ మీటరులో లోడు పరిమితి పెడితే, అది దాటగానే లోపలి రిలే (తనంతట తానే పడే స్విచ్చు) సప్లై ఆపేస్తది. బ్యాలెన్సు ఉండి కూడా కరెంటు పోయిందంటే ముందు ఇదే అనుమానించాలె.

బిగించినంక మీటరు మీద యూనిట్‌కు 3200 పల్సులని (ఎర్ర లైటు మిణుకులు) రాసి ఉంటే, ఒక్క 1000 వాట్ల హీటరే వేసి నిమిషంలో ఎన్ని మిణుకులో లెక్కపెట్టండి. 53 దగ్గర రావాలె. ఓల్టేజీని బట్టి కొంచెం అటూఇటూ ఐతది.

సర్వీస్ వైరు (స్తంభం నుంచి మీటరుకు వచ్చే వైరు) స్క్రూ వదులైతే టెర్మినల్ (వైరు బిగించే చోటు) వేడెక్కి నల్లబడుతది. సీలు మాత్రం మీరు ముట్టొద్దు, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి.