మూడుసార్లు వెనక్కి వచ్చిన పడవ: మా దగ్గర పడవలు చేయించుకున్న వారికి ఒక వివరణ

నర్సంపేట రోడ్డులోని మా షెడ్డులో ఫైబర్ పడవలు చేయించుకున్న వారికీ, మరమ్మతులకు ఇచ్చిన వారికీ నమస్కారం. ఈ నెలలో అందవలసిన 2 పడవలు ఆలస్యమయ్యాయి. ఎందుకని అడిగిన ఒక్కొక్కరికి ఫోనులో ఒక్కో ముక్క చెప్పడం కన్నా, జరిగినదంతా ఒకేచోట రాసిపెట్టడం మర్యాదగా ఉంటుందనిపించింది. వానలు కొంత కారణమే. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో రెజిన్ అనే జిగురు సరిగా గట్టిపడదు, దానితో పొరలుగా అంటించే మ్యాట్ అనే గాజు నార తడిస్తే అసలే అంటదు. కానీ వానల మీదికి నెట్టేస్తే అది సగం మాటే అవుతుంది. మేము చేసిన పడవే ఒకటి లోపలికి నీరు ఊరుతోందని మూడుసార్లు వెనక్కి వచ్చింది. మొదటి రెండుసార్లూ మేము తప్పు చోట పని చేసి, ఆ పనికి డబ్బులు కూడా తీసుకున్నాము.

ఆ పడవ 14 అడుగులది. ములుగు వైపు ఒక మత్స్య సహకార సంఘానికి మూడేళ్ల కిందట చేసి ఇచ్చాము. దానికి అడుగు పలక వేరు, మనుషులు నిలబడే పలక వేరు. రెంటి మధ్య 4 అంగుళాల ఖాళీ ఉంటుంది, అందులో కొంత భాగం ఫోమ్‌తో నింపి ఉంటుంది. పొద్దున వల వేయడానికి వెళ్లి మధ్యాహ్నం ఒడ్డుకు చేరేసరికి వెనక భాగంలో రెండు బకెట్ల నీరు నిలుస్తోందన్నది వారి ఫిర్యాదు.

మొదటిసారి తెచ్చినప్పుడు పడవను బోర్లా వేయగానే అడుగున జానెడు పొడవు గీత కనిపించింది. మన చెరువులు నిండినప్పుడు గట్టు వెంబడి ఉండే తుమ్మ చెట్లు నీటిలో మునుగుతాయి, వాటి మొద్దులు పడవల అడుగులను గీరుతాయి. ఏళ్లుగా ఇవే గీతలు చూస్తున్న కళ్లు కాబట్టి మరో ఆలోచన లేకుండా గ్రైండర్ పట్టి, రెండు పొరల మ్యాట్ వేసి పంపించేశాము. పది రోజుల్లో పడవ మళ్లీ వచ్చింది. ఈసారి నీరు వదిలే బిరడా దగ్గర వాషరు ఎండి పగిలి ఉంది, దాన్ని మార్చాము. ఆ వాషరు నిజంగానే పాడైపోయింది, ఆ గీత కూడా నిజమే. కానీ నీరు వచ్చే దారి ఆ రెండూ కాదు. గీత పై పూతను దాటి లోపలి మందంలోకి దిగనేలేదని గ్రైండర్ పట్టినప్పుడే కనిపించింది. చేతిలో పని ఉందన్న తొందరలో చూసి కూడా పట్టించుకోలేదు.

మూడోసారి సంఘం పెద్దమనిషి ఒకరు ట్రాలీ ఆటోతో పాటు తానే వచ్చారు. కోపగించుకోలేదు. షెడ్డు ముందు కూర్చుని నెమ్మదిగా, "అన్నా, ఉత్త పడవల ఒక్క చుక్క రాదు. రాత్రంత చెరువుల కట్టేసినా పొద్దుగాలకు పొడిగనే ఉంటది. ఇద్దరం ముందటికి పోయి వల గుంజుతున్నప్పుడే వస్తున్నయి నీళ్లు" అన్నారు. ఈ మాట మొదటి రోజే అడిగి ఉంటే రెండు ప్రయాణాల కిరాయి వారికి మిగిలేది.

అయినా మేము ఆ మాట విన్నాక కూడా ముందుగా చేసింది అలవాటైన పరీక్షే. పడవను పాత టైర్ల మీద ఎత్తి పెట్టి, లోపల నీరు పోసి, బయట అడుగంతా ముగ్గుపిండి చల్లి చూశాము. తడి తగిలిన చోట ముగ్గు నల్లబడుతుంది కాబట్టి సన్నటి ఊట కూడా దాగదు. లీటరు నీరు కిలో బరువు. ఎక్కువ పోస్తే ఆధారం లేనిచోట అడుగే విరుగుతుందని నిలబడే పలక మట్టం వరకే పోశాము. రెండు గంటలు గడిచినా ముగ్గు తెల్లగానే ఉంది. అంటే పలక మట్టానికి కింద ఎక్కడా రంధ్రం లేదు. ఉంటే గింటే ఆ పైనే ఉండాలి.

ఇక్కడ ఒక చిన్న లెక్క మాకు పనికొచ్చింది. నీటి మట్టానికి ఒక అడుగు లోతున 2 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే గంటకు సుమారు 16 లీటర్ల నీరు లోపలికి వస్తుంది. అదే రంధ్రం 2 అంగుళాల లోతునే ఉంటే గంటకు 6, 7 లీటర్లకు మించదు. పూట మొత్తానికి రెండు బకెట్లంటే అది అడుగున పగులు కాదు, నీటి మట్టానికి కొంచెం కిందుగా, బరువు పడ్డప్పుడు మాత్రమే మునిగే సూది బెజ్జం లాంటిది. ఈ కొలత పడవకు 100 కిలోల బరువు ఎక్కితే అది అంగుళానికి పైగా దిగుతుంది. ఇద్దరు మనుషులు, తడిసిన వల కలిసి పడవ ముందు కొస, అంటే ముక్కు దగ్గరే చేరితే ముక్కు ఇంకా ఎక్కువ దిగుతుంది.

మరుసటి రోజు నిలబడే పలకకు రెండు చోట్ల చెయ్యి పట్టేంత రంధ్రాలు కోసి, లోపల ముక్కు నుంచి వెనక వరకు జానెడుకొకటి చొప్పున టిష్యూ కాగితం ముక్కలు అంటించాము. పడవను దగ్గరలోని ఊర చెరువులో దింపి, 40 కిలోల ఇసుక బస్తాలు 5 ముక్కు వైపు పేర్చాము. టార్పాలిన్ కప్పుకుని టార్చిలైటుతో ఆ రంధ్రంలోకి తొంగిచూస్తూ బోర్లా పడుకున్నాను. పావుగంటలో మొదట తడిసింది అన్నిటికన్నా ముందున్న కాగితం. పడవను ఒడ్డుకు కట్టేందుకు ముక్కుకు బిగించే, U ఆకారంలో ఉండే యు బోల్టు రెండు కాళ్లు లోపలికి వచ్చే చోట, ఎడమ కాలి పక్కన ఫైబర్‌కు చెమట పట్టినట్టయింది. ఆ చెమటంతా ఒక బొట్టుగా కూడి జారింది, దాని వెనకే ఇంకొకటి జారింది. మా కుర్రవాడు పైన నిలబడి పడవను ఊపినప్పుడల్లా బొట్లు కలిసి దారమై కారాయి. ఆ నీరు అడుగు మధ్య గాడి వెంట 12 అడుగులు వెళ్లి వెనక తేలుతోంది. నీరు వెనక కనిపించినంత కాలం మేమూ వెనకే వెతికాము.

ఆ బోల్టు చుట్టూ సీలెంట్, అంటే నీరు దూరకుండా సందు మూసే ముద్ద, లేదు. పాత పని పుస్తకం తీసి చూస్తే సంగతి గుర్తుకొచ్చింది. ఆ రోజు సీలెంట్ ట్యూబు అయిపోయింది. రేపు తెచ్చి వేద్దామని బోల్టు బిగించి, పైన పెయింటు వేసేశాము. ఆ రేపు రాలేదు. రెండేళ్ల పాటు ఆ పెయింటే సందును మూసి ఉంచింది. గొలుసు పట్టి ఒడ్డుకు లాగిన ప్రతిసారీ బోల్టు వెంట్రుకవాసి కదిలి, చివరికి పెయింటు పగిలింది. ఇది పూర్తిగా మా తప్పు, వాడకంలో లోపమేమీ లేదు.

బోల్టు తీసి, బెజ్జాలను పెద్దవి చేసి, చిక్కటి రెజిన్ ముద్దతో నింపి, అది గట్టిపడ్డాక కొత్తగా బెజ్జం వేశాము. లోపలి వైపు స్టీలు పట్టీ పెట్టి, పాలీయురేథేన్ సీలెంట్‌తో బిగించాము. బాత్రూముల్లో వాడే సిలికాన్ ఇలాంటి చోట దయచేసి ఎవరూ వాడకండి. ఒకసారి అది పూసిన చోట తర్వాత రెజిన్ అంటదు, గీకి తీయడం పెద్ద పని. అసలు కష్టం ఫోమ్‌తో వచ్చింది. ధర్మకాంటా మీద తూస్తే పడవ కొత్తలో ఉన్నదానికన్నా 30 కిలోలు ఎక్కువ తూగింది. ఆ బరువంతా ఫోమ్ పీల్చుకున్న నీరే. సగం పలక లేపి, తడిసిన ఫోమ్ తవ్వి తీసి, ఆరబెట్టి, కొత్తది నింపేసరికి 9 రోజులు పట్టింది. మీ పడవలు ఆగిపోయింది ఆ 9 రోజుల్లోనే.

సంఘం వారికి రెండు మరమ్మతుల డబ్బులూ, మూడుసార్ల ట్రాలీ ఆటో కిరాయీ తిరిగి ఇచ్చేశాము. మూడేళ్ల కిందట ఈ పడవను చేసిన వారంలోనే ముగించిన మరో 2 పడవలకు కూడా సీలెంట్ లేదని పుస్తకం చెబుతోంది. వారికి ఫోన్ చేశాము, వారి ఊరికే వెళ్లి ఉచితంగా సరిచేస్తాము. మిగతా పడవల్లో ఈ లోపం ఉండకూడదు, కానీ ఉండదని చూడకుండా చెప్పడం నాకిక ఇష్టం లేదు. మా దగ్గర కొన్న పడవ ఏదైనా సరే, తెస్తే ముక్కు బోల్టు ఉచితంగా చూసి ఇస్తాము.

ఇకపై నీరు ఊరే పడవను ఒక్క రోజులో బాగుచేసి ఇవ్వలేము, 3 రోజులు పడుతుంది. బరువు పెట్టి చెరువులో పరీక్షించి, నీరు దూరే చోటును మీ కళ్లకు చూపించిన తర్వాతే మరమ్మతు మొదలుపెడతాము. బయట చేసిన పడవలకైతే ఈ పరీక్షకు 800 రూపాయలు తీసుకుంటాము. ఇది కొందరికి నచ్చకపోవచ్చు, కానీ ఊరికే వేసిన అతుకుకు ఇచ్చే డబ్బు కన్నా ఇది తక్కువే.

పడవ తెచ్చే ముందు ఎన్ని గంటల్లో ఎన్ని బకెట్ల నీరు చేరిందో కొలిచి రాసుకుని రండి. ఖాళీగా కట్టేసినప్పుడు కూడా వస్తుందా, మనుషులు ఎక్కితేనే వస్తుందా, ఎవరు ఎటు కూర్చున్నప్పుడు ఎక్కువ వస్తుందో గమనించండి. వాన నీరు కలిస్తే లెక్క తప్పుతుంది కాబట్టి ఆ రాత్రి టార్పాలిన్ కప్పి ఉంచండి. అనుమానం ఉన్న చోటల్లా తారు పూసి తేకండి, దాని కిందున్నదేదీ మాకు కనబడదు.