వార్డులో చేరబోతున్న మా అమ్మాయికి

విశాఖపట్నం

చిరంజీవి సౌమ్యకు, అమ్మ ఆశీస్సులు.

ఇంగ్లండులో అసిస్టెంట్ సైకాలజిస్ట్ ఉద్యోగం ఖాయమైందన్న కబురు చదివి నాన్నగారూ నేనూ ఎంతో సంతోషించాము. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవలో బ్యాండ్ 4 అనే జీతపు మెట్టు, మానసిక జబ్బు తీవ్రంగా ఉన్న ఆడవాళ్ళ అక్యూట్ వార్డు, పైన ఒక క్లినికల్ సైకాలజిస్ట్ పర్యవేక్షణ అని రాశావు. ఉద్యోగ జీవితమంతా మానసిక వైద్యశాల వార్డుల్లో నర్సుగా గడిపినదాన్ని కనుక, నువ్వు చేరేలోపు కొన్ని మాటలు రాయాలనిపించింది.

ఇంగ్లండులో అసిస్టెంట్ సైకాలజిస్ట్ పోస్టుకు వచ్చే చాలామంది దృష్టి మూడేళ్ళ క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ సీటు మీదే ఉంటుందని నువ్వే చెప్పావు. సీటు కోరుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ వార్డులో ఉన్నవాళ్ళు నీకు అనుభవం సంపాదించిపెట్టడానికి రాలేదు. వాళ్ళలో ఎక్కువమంది తమ ఇష్టంతో కూడా రాలేదు. 1983 నాటి మెంటల్ హెల్త్ యాక్ట్ కింద సెక్షన్ 2 ప్రకారం 28 రోజుల వరకు, సెక్షన్ 3 ప్రకారం మొదటి విడతగా 6 నెలల వరకు మనిషిని ఆసుపత్రిలో ఉంచవచ్చు. అలా ఉంచిన మనిషి పక్క వీధి దుకాణానికి వెళ్ళాలన్నా, సెక్షన్ 17 కింద ఆ మనిషి చికిత్సకు బాధ్యత వహించే నిపుణులు సెలవు మంజూరు చేయాలి. తాళం చెవి నీ నడుముకు ఉంటుంది, వాళ్ళకు ఉండదు. ఆ తేడాను ఒక్క రోజు కూడా మరిచిపోకు.

మన దేశంలో చాలాచోట్ల రోగి మంచం పక్కన తల్లో భర్తో అన్నో ఉంటారు. ఎప్పటి నుంచి నిద్ర పట్టడం లేదో, పొలం అమ్మిన తరువాత మాట ఎలా తగ్గిందో, ఏ పండుగనాడు మొదటిసారి ఎవరో పిలుస్తున్నట్టు వినిపించిందో వాళ్ళే చెబుతారు. అక్కడ ఆ సంగతులు తెలిసిన మనిషి వార్డు తలుపు బయట ఉంటుంది, సందర్శన వేళల్లోనే లోపలికి వస్తుంది. కనుక ఫార్ములేషన్, అంటే రోగి కష్టం వెనుక కథను కూర్చి చెప్పే వివరణ, రాసే పనిని కాగితం పనిగా చూడకు. జబ్బు పేరు ఏమిటన్నది డాక్టర్లు తేలుస్తారు. ఈ మనిషి ఈ స్థితికి ఎలా చేరింది, ఏది ఆమెను ఇంకా అక్కడే పట్టి ఉంచుతోంది, ఏది ఇప్పటికీ ఆమెను నిలబెడుతోంది అన్నవి కూడదీసి వార్డు సిబ్బంది అందరికీ అర్థమయ్యేలా చెప్పడం సైకాలజీ వాళ్ళు తేగలిగిన వస్తువు. వార్డు రౌండులో డాక్టరుకు ఒక్కొక్కరికి కొన్ని నిమిషాలే దొరుకుతాయి, నర్సులకు మందులూ పరిశీలనలూ రాతకోతలూ ఉంటాయి. కూర్చుని వినే సమయం నీకే ఎక్కువ.

మందుల సంగతి నీ పని కాకపోయినా తెలుసుకుని ఉండు. కొన్ని యాంటీసైకోటిక్ మందుల వల్ల ఒకచోట కూర్చోనివ్వని అస్థిమితం పుడుతుంది, అకథీసియా అంటారు. వరండాలో ఆపకుండా తిరుగుతున్న మనిషిని ఉద్రేకంగా ఉందని రాసేముందు ఆ సంగతి నర్సుకు చెప్పు. అలాగే మత్తు దిగనివాళ్ళకు, చేతులు వణుకుతున్నవాళ్ళకు, ఈసీటీ అనే విద్యుత్ చికిత్స మధ్యలో ఉన్నవాళ్ళకు జ్ఞాపకశక్తి పరీక్షో, గడియారం పెట్టి చేసే తెలివితేటల పరీక్షో పెడితే వచ్చే అంకె ఆ రోజుదే తప్ప ఆ మనిషిది కాదు. కానీ ఫైలులో ఆ అంకె ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ఎప్పుడు పెట్టాలో మీ సూపర్‌వైజర్‌ను అడిగి నిర్ణయించుకో.

రాత గురించి నాకు మరింత పట్టుదల ఉంది. "సహకరించలేదు", "దృష్టిని ఆకర్షించడానికి ప్రయత్నించింది" వంటి మాటలు రాయడం సులువు, తరువాత వచ్చే ప్రతి డాక్టరూ వాటిని చదివాకే ఆమె ముఖం చూస్తాడు. నువ్వు చూసినది రాయి: గ్రూపు చికిత్సకు వచ్చింది, కొద్దిసేపటికి లేచి తలుపు దగ్గర నిలబడి చివరిదాకా విన్నది. అది సహకరించకపోవడం కాదు కదా! నిర్బంధాన్ని సవాలు చేస్తూ ఆమె ట్రిబ్యునల్‌కు వెళితే నీ వాక్యం నివేదికలోకి ఎక్కి ఆమె ఎదుటే చర్చకు రావచ్చు.

ఇంకొకటి. చదువుల కోసం మన పిల్లలు ఎందరో ఆ దేశంలో ఉన్నారు కనుక, ఎప్పుడో ఒకసారి తెలుగు మాట్లాడే అమ్మాయి మీ వార్డుకు రావచ్చు. అనువాదకుల కోసం ఎదురుచూడకుండా నిన్నే మాట్లాడమంటారు. పలకరించు, అన్నం తిన్నావా అని అడుగు, ఆ పలకరింపే ఆమెకు పెద్ద ఊరట. కానీ వైద్య సంభాషణలకు వృత్తి అనువాదకులనే పిలిపించమని చెప్పు. ఆ ఊళ్ళో మనవాళ్ళు కొద్దిమందే ఉంటారు. ఈ సంగతి గుడిలోనో పుట్టినరోజు విందులోనో బయటపడుతుందని, రేపు సంబంధాలు చూసేటప్పుడు అడ్డొస్తుందని ఆమె భయపడుతుంది. నిన్ను చూసి ధైర్యం కలగడం ఎంత నిజమో, నోరు మూసుకోవడమూ అంతే నిజం. ఎవరితో చెప్పాలన్నది ఆమెనే ఎంచుకోనివ్వు.

బలప్రయోగం చూడవలసి వస్తుంది. 2010లో లండన్‌లోని బెత్లెమ్ రాయల్ ఆసుపత్రిలో ఒలసెని (సెనీ) లూయిస్ అనే 23 ఏళ్ళ నల్లజాతి యువకుడిని పోలీసులు అదిమిపట్టిన తరువాత అతను చనిపోయాడు. ఆ తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి పోరాడితే 2018లో బలప్రయోగాన్ని నియంత్రించే చట్టం వచ్చింది, దాన్ని సెనీ చట్టమనే పిలుస్తారు. తెల్లవాళ్ళ కంటే నల్లవాళ్ళు ఆ దేశంలో కొన్ని రెట్లు ఎక్కువగా నిర్బంధానికి గురవుతున్నారన్నది ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది. అటువంటి ఘటన జరిగిన మర్నాడు ఆ మనిషి దగ్గర కూర్చుని, నిన్న నీకు ఎలా అనిపించిందని అడగడం నీవంటివాళ్ళు చేయగల పని. చూసినదంతా మనసులో మోయకు, సూపర్‌విజన్ గంటలో పూర్తిగా చెప్పు. నాకు ఫోన్ చేసినప్పుడు నీ అలసట చెప్పు, రోగుల పేర్లూ వివరాలూ వద్దు, నేను అడగను.

డాక్టరేట్ సీటు వచ్చి వెళ్ళే రోజు వస్తే, నీతో మాట్లాడటం అలవాటైనవాళ్ళకు కొన్ని వారాల ముందే నీ నోటితోనే చెప్పు. వాళ్ళను చెప్పకుండా వదిలి వెళ్ళినవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉండి ఉంటారు.

చేరిన తరువాత షిఫ్టు వేళలూ, రాత్రి ఇంటికి చేరే బస్సు సంగతీ రాయి. నాన్నగారు అదే అడుగుతున్నారు.

ప్రేమతో,
అమ్మ