గుప్త రోగాల ప్రకటన పక్కన 1097 హెల్ప్‌లైన్ నంబరు కూడా వేయండి

ఎడిటర్ గారికి,

మీ క్లాసిఫైడ్స్‌లో వచ్చే ‘గుప్త రోగాలకు శాశ్వత పరిష్కారం, ఫలానా లాడ్జిలో ఫలానా తేదీన’ ప్రకటనల గురించే ఈ ఉత్తరం. తెనాలిలో మెడికల్ షాపు నడుపుతున్నాను. ఆ లాడ్జిల్లో వేలకు వేలు పోసి, తగ్గక మా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామందే. షాపు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా బండి పక్కన నిలబడి, తర్వాత వచ్చి ‘అన్నా, కింద మంటగా ఉంది, ట్యూబ్ ఏదన్నా ఇవ్వు’ అంటారు. జేబులోంచి సగం పిండేసిన పాత ట్యూబ్ తీస్తారు, చూస్తే అందులో స్టెరాయిడ్!

మర్మాంగాల దగ్గర గుంపుగా నీటి పొక్కులు లేచి, చితికి పుండ్లయి, మూత్రానికి వెళ్తే మంట, గజ్జల్లో బిళ్లలు, ఒళ్లు వెచ్చబడటం ఉంటే అది చాలావరకు హెర్పిస్. వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ పనిచేయదు, స్టెరాయిడ్ పూస్తే ముదురుతుంది. దీనికి ఎసైక్లోవిర్ మాత్రలున్నాయి, కొత్తవేం కాదు, పెద్ద ఖరీదూ కాదు. పొక్కులు లేచిన రెండు మూడు రోజుల్లోపే డాక్టర్ చెప్పిన మోతాదులో మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. అయితే వైరస్ నరాల్లో దాక్కుని ఉంటుంది, మళ్లీ మళ్లీ బయటపడొచ్చు, కాకపోతే సాధారణంగా మొదటిసారంత బాధ ఉండదు. పూర్తిగా పోగొడతామనేవాళ్లు అబద్ధం చెబుతున్నట్టే.

ఇంకో సంగతి. ఇది ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా ఒంట్లో ఉండిపోగలదు, పొక్కులు లేనప్పుడు కూడా అంటగలదు, కండోమ్ ముప్పు తగ్గిస్తుంది కానీ పూర్తిగా ఆపలేదు. అందుకే పెళ్లయిన పదేళ్లకు భార్యకు పొక్కులొస్తే నిన్నగాక మొన్న ఎవరో తప్పు చేశారని కాదు. ఈ ఒక్క ముక్క తెలియక పెద్దమనుషుల పంచాయితీ దాకా పోయిన కాపురాలున్నాయి, వింటే కడుపు తరుక్కుపోతుంది. ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గర్భిణి అయితే ఆ సంగతి తప్పకుండా చెప్పాలి, కాన్పు సమయంలో పుండ్లుంటే బిడ్డకు ప్రమాదం.

మర్మాంగాల మీద వచ్చే పులిపిర్లు వేరు. అవి హెచ్‌పీవీ అనే మరో వైరస్ వల్ల వస్తాయి, సాధారణంగా నొప్పి ఉండదు. సున్నం పెట్టి కాల్చుకోకండి దయచేసి! డాక్టర్లు మందు పూసో, గడ్డకట్టించో తీసేస్తారు. క్యాన్సరేమోనని టెన్షన్ పడతారు గానీ, ఎక్కువగా పులిపిర్లు తెచ్చేవి ఆ వైరస్‌లో 6, 11 రకాలు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ముఖ్య కారణం 16, 18 రకాలు. అయినా 30 దాటిన ఆడవాళ్లు గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి.

హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి బయటికి కనబడకపోవచ్చు, రక్తపరీక్షే దారి. హెపటైటిస్ బి కి టీకా ఉంది. హెచ్‌ఐవీ సోకే అవకాశం ఉందనిపిస్తే 72 గంటల్లోపు ఆసుపత్రికి వెళ్తే నివారణ మందులిస్తారు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ రోగాల కోసమే సురక్ష క్లినిక్‌లున్నాయి, పరీక్ష, మందులు ఉచితం. ఆ ప్రకటనలు ఆపలేకపోతే వాటి పక్కనే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ టోల్ ఫ్రీ నంబరు 1097 అయినా అచ్చు వేయండి.

– ఒక ఫార్మసిస్టు, తెనాలి