ఊదిన అంకె, రాసిన అంకె

చిరంజీవి సుధకు, నాన్న ఆశీస్సులు.

నా ఊపిరితిత్తుల రిపోర్టులు చూసి నువ్వు అడిగిన ప్రశ్న సబబైనదే. మూడేళ్ల కిందట గొట్టంలోకి బలంగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికి వచ్చిన గాలి 1.62 లీటర్లు, ఈ ఏడాది 1.56 లీటర్లు. ఏ జబ్బూ లేనివారికి కూడా వయసు పైబడే కొద్దీ ఏటా 25, 30 మిల్లీలీటర్లు తగ్గుతుంది కనుక, ఆ లెక్కను మించి నాకు పోయిందేమీ లేదు. అదే మూడేళ్లలో, జబ్బు వల్ల రోజువారీ బతుకు ఎంత ఇబ్బందిగా ఉందో రోగినే అడిగే ప్రశ్నావళి స్కోరు మాత్రం 38 నుంచి 45కు పెరిగింది. ఈ స్కోరులో సున్నా అంటే ఏ ఇబ్బందీ లేకపోవడం, 100 అంటే అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది. ఈ రెండు అంకెల్లో దేన్ని నమ్మాలి నాన్నా అని అడిగావు. నువ్వు పిల్లలకు లెక్కలు చెప్పేదానివి కాబట్టి, రెండింటినీ నమ్మమంటే తప్పించుకుంటున్నానని అనుకుంటావు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఊదుడు పరీక్ష చెప్పేది గాలి గొట్టాలు ఎంత ఇరుకయ్యాయన్నది. నాకున్న జబ్బు ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రోటీన్ లోపం; ఇందులో అసలు నష్టం ఊపిరితిత్తుల్లోని గాలి గదుల గోడలకు జరుగుతుంది. కాలేయం తయారుచేసి రక్తంలోకి పంపవలసిన ఆ ప్రోటీన్, జన్యువులోని తేడా వల్ల వంకర తిరిగి చాలావరకు కాలేయంలోనే చిక్కుకుపోతుంది. ఊపిరితిత్తుల్లో తెల్లకణాలు విడుదల చేసే ఎలాస్టేజ్ అనే ఎంజైమును అడ్డుకోవలసిన ఆ ప్రోటీన్ చాలినంత లేక, ఆ ఎంజైము ఆ పల్చని గోడలను కొద్దికొద్దిగా తినేస్తుంది. 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ అనే ఇద్దరు వైద్యులు ఈ లోపాన్ని మొదట గుర్తించారు. గోడలు పోయినచోట ఆమ్లజని రక్తంలోకి చేరడం తగ్గుతుంది. ఊదే బలం దాదాపు అలాగే ఉండి ఇది మాత్రం తగ్గవచ్చు కనుక, మొదటి సెకను అంకె నిలకడగా ఉన్నంత మాత్రాన జబ్బు నిలిచిపోయిందని అనుకోవడానికి లేదు.

ఇక ప్రశ్నావళి సంగతి. నేను నింపేది లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో పాల్ జోన్స్, ఆయన సహచరులు 1990ల తొలినాళ్లలో తయారుచేసినది. అందులో 50 ప్రశ్నలుంటాయి. కొన్ని దగ్గు, కఫం, పిల్లికూతలు, ఆయాసం ఎన్నాళ్లకొకసారి వస్తున్నాయని అడుగుతాయి. కొన్ని స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం, మెట్లెక్కడం వంటి పనుల గురించి. మిగిలినవి, నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనవి, ఈ జబ్బు మనిషిని ఏం చేసిందని అడిగేవి: నలుగురిలో దగ్గు వస్తే సిగ్గనిపిస్తుందా, ఊపిరి అందనప్పుడు కంగారు పుడుతుందా, నీ జబ్బు ఇంట్లోవారికి, ఇరుగుపొరుగుకు ఇబ్బందిగా ఉందా. ఈ చివరి ప్రశ్న దగ్గర నేను ప్రతిసారీ కలం ఆపుతాను. అవును అంటే మీ అమ్మ మనసు కష్టపెట్టుకుంటుంది, కాదు అంటే ఆమె చేసే చాకిరీని లెక్కలోకి తీసుకోనట్టు అవుతుంది. ప్రతి జవాబుకూ ఒక బరువు కట్టి ఉంటుంది. ఏది ఎంత బాధాకరమో రోగుల చేతే తూయించి కట్టిన బరువులవి, డాక్టర్లు కూర్చుని ఊహించి వేసినవి కావు.

స్కోరులో 4 తేడా వస్తే రోగికి తెలిసేంత మార్పు అని ఒప్పందం. నాకు 7 పెరిగింది కదా అని కంగారు పడకు, 4 దాటింది కదా అని తేల్చేయనూ వద్దు. ఆ 4 అనేది గుంపుల సగటు చూసి కట్టిన గీత. ఒక్క మనిషి స్కోరు ఏ మార్పూ లేకుండానే ఒక నెల అటూ ఒక నెల ఇటూ ఊగుతుంది. ఛాతీలో ఇన్ఫెక్షన్ వచ్చి జబ్బు తిరగబెట్టిన వారాల్లో నింపితే స్కోరు ఎగబాకుతుంది, తగ్గాక చాలావరకు దిగివస్తుంది కానీ కొన్నిసార్లు పాత చోటికి పూర్తిగా రాదు. మోకాళ్ల నొప్పి, దిగులు, నిద్రలేమి కూడా జవాబుల్లోకి చొరబడతాయి. అందుకే రెండు అంకెల మధ్య తేడా చూడడం కన్నా, జబ్బు నెమ్మదించి ఉన్న రోజుల్లో, ఒకే ప్రశ్నావళితో, ఏటా ఒకసారి నింపిన అంకెలను వరసగా పెట్టి ఆ గీత ఎటు వంగుతోందో చూడడమే సరైన పద్ధతి. నా గీత మెల్లగా, కానీ స్పష్టంగా పైకి వంగుతోంది.

నువ్వు అడగకపోయినా చెప్పవలసినది ఇంకొకటుంది. నా స్కోరు 45 అని కాగితం చెబుతోంది కానీ, అసలు ఇబ్బంది అంతకన్నా ఎక్కువేనని నా అనుమానం. నేను అబద్ధం రాయలేదు. కిందటేడు పడక కింది గదిలోకి మార్చుకున్నాం కదా, ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అంటే ఎక్కే పనే పడడం లేదు. వంగి లేసులు కట్టుకునేసరికి ఊపిరి అందడం లేదని ఆ బూట్లు మానేసి, నిలబడి కాలు దూర్చే చెప్పులు తెచ్చుకున్నాను. స్నానాల గదిలో స్టూలు వేసుకున్నాను. ఇవన్నీ అయ్యాక ‘బట్టలు వేసుకోవడానికి చాలా సమయం పడుతోంది’ అన్న వాక్యం చదివితే, లేదే, బాగానే ఉందే అనిపిస్తుంది. రోజూ కళ్లెదుట ఉండే బిడ్డ ఎదుగుదల కన్నవాళ్లకు తెలియనట్టు, రోజూ మోసే జబ్బు పెరుగుదల మోసేవాడికి తెలియదు. బతుకు కుంచించుకున్న మేరకు మన కొలబద్ద కూడా కుంచించుకుంటుంది. పరిశోధకులు ఈ చిక్కు ఎరుగుదురు. కొందరు రోగిని పాత రోజులను ఇప్పటి కళ్లతో మళ్లీ తూచమని అడిగి తేడా పట్టుకోవాలని చూశారు, కానీ జ్ఞాపకం కూడా నిలకడైనది కాదు కదా. పుట్టుకతో వచ్చిన జబ్బుల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ. మధ్యవయసులో దెబ్బతిన్నవాడికి పోల్చుకోవడానికి మంచి రోజులుంటాయి, చిన్నతనం నుంచే దగ్గుతో పెరిగిన సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో జిగురు కఫం పేరుకునే పుట్టుజబ్బు) రోగికి అదే మామూలు.

ప్రశ్నావళులు మొద్దు పరికరాలని దీన్నిబట్టి అనుకోవద్దు. 2015లో వెలువడిన రాపిడ్ అనే పరిశోధనలో నాలాంటి 180 మందిని తీసుకుని, కొందరికి ఆ లోపించిన ప్రోటీన్‌ను వారం వారం నరం ద్వారా ఎక్కించారు. రెండేళ్ల తర్వాత సి.టి. స్కానులో ఊపిరితిత్తి సాంద్రత తగ్గుదల (అంటే గోడల నష్టం) మందు ఎక్కినవారిలో నెమ్మదించింది కానీ, ప్రశ్నావళి స్కోరులో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. నెమ్మదిగా నడిచే జబ్బుకు రెండేళ్లు చాలా తక్కువ వ్యవధి అని నా అభిప్రాయం. అదే 2019లో సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు మూడు మందులు కలిపి ఇచ్చిన పరిశోధనలో, ఆ జబ్బుకు ప్రత్యేకించిన ప్రశ్నావళిలో శ్వాసకు సంబంధించిన స్కోరు 20 దాకా మెరుగుపడింది. అక్కడా 4 మారితేనే చెప్పుకోదగ్గ మార్పు అంటారు. (ఆ ప్రశ్నావళిలో స్కోరు పెరిగితే మంచిది, నాదానిలో పెరిగితే చెడ్డది. రెండూ చదివేవాడి తిప్పలు ఆ దేవుడికే తెలియాలి.) మందు నిజంగా మనిషి బతుకును మార్చినప్పుడు కాగితం పట్టుకోగలదని ఇందువల్ల తెలుస్తోంది. ఇంకొకటి, ఏళ్ల తరబడి సాగే పరిశీలనల్లో మరీ క్షీణించినవారు మధ్యలోనే రావడం మానేస్తారు లేదా కన్నుమూస్తారు. చివరిదాకా మిగిలినవారి సగటు చూస్తే తగ్గుదల ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. లెక్కల మనిషివి, నీకు ఇది వేరే చెప్పనక్కర లేదు.

ఇప్పుడు నీ వల్ల కావలసిన సాయం. ప్రశ్నావళిని రోగి ఒంటరిగా, ఊదుడు పరీక్ష ఫలితం తెలియకముందే నింపాలి. అందుకని వచ్చేసారి నా పక్కన కూర్చుని ‘నాన్నా, అది అవును కదా’ అని అందించవద్దు. నీ కాగితం నువ్వు వేరేగా రాసుకో. నాకెలా ఉందని నీకు అనిపిస్తోందో రాయవద్దు, కంటికి కనిపించినవే రాయి: కిందటేడు చేసి ఈ ఏడాది మానేసిన పనులేమిటి, ఫోనులో మాట్లాడుతూ వాక్యం మధ్యలో ఎక్కడ ఆగుతున్నాను, నడకలో ఎవరు ఎవరి కోసం నిలబడుతున్నారు. అమ్మను కూడా వేరేగా రాయమను. మూడు కాగితాలూ డాక్టరు గారి ముందు పెడదాం. స్కోరులో కలపడానికి కుదరదు కానీ, జబ్బుకు తగ్గట్టు నేను సర్దుకుపోయిన చోట్లు ఆయనకు తెలుస్తాయి.

నీ విషయం కూడా ఇందులో ఉంది. అమ్మ పరీక్షలో ఏ లోపమూ లేదని తేలింది, నాలో ఆ జన్యువు రెండు ప్రతులూ లోపమున్నవే. అందువల్ల నువ్వు లోపమున్న ఒక ప్రతిని మోస్తున్న వాహకురాలివి, ఇందులో సందేహానికి తావు లేదు. పొగ జోలికి పోని వాహకులకు ఊపిరితిత్తుల ముప్పు పెద్దగా పెరగదు, పొగ తాగితే పెరుగుతుంది. అల్లుడు గారిని కూడా రక్తపరీక్ష చేయించుకోమను. ఆయనా వాహకుడైతే పుట్టే ప్రతి బిడ్డకూ నాకున్న స్థితి రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఈలోగా నువ్వు ఒకసారి ఊదుడు పరీక్ష చేయించుకుని, ఆ ప్రశ్నావళి కూడా నింపి, రెండు అంకెలూ తేదీ వేసి దాచుకో. నా జబ్బు బయటపడేసరికే సగం నష్టం జరిగిపోయింది కనుక, బాగున్న రోజుల అంకె నా ఫైలులో లేదు. నీ ఫైలు దానితోనే మొదలు కావాలి.

ఇట్లు
మీ నాన్న