పాత ఇల్లు బాగుచేసుకున్నందుకు పన్ను పెంచకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. వానాకాలం వచ్చిందంటే మీ పత్రికలో ఎక్కడో ఒక పాత ఇల్లు కూలిన వార్త ఉంటుంది. గోడ పడి వృద్ధురాలికి గాయాలు అనో, శిథిల భవనాలకు నోటీసులు అనో. అది చదివిన ప్రతిసారీ తలెత్తి మా ఇంటి దూలాల వైపు చూస్తాను. నేనుండేది కూడా అలాంటి ఇల్లే.

మా మామగారి తండ్రి 1938లో కట్టించిన మండువా లోగిలి ఇది, అంటే మధ్యలో ఆకాశం కనబడే వాకిలి, దాని చుట్టూ వసారాలు, గదులు ఉండే పాతకాలపు పెంకుటిల్లు. గోదావరి ఒడ్డున ఒక పట్టణంలో ఉంది. ఊరి పేరు రాయడం లేదు. నా బాధ అక్కడి ఉద్యోగుల గురించి కాదు, వాళ్ల చేతికిచ్చిన రూలు గురించి. నేను పోస్టాఫీసు కౌంటర్లో 34 ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. రసీదులు దాచడం ఉద్యోగంతో వచ్చిన అలవాటు. అంతకు ముందే మా మామగారికీ ఉండేది. 1961 నుంచి ఈ ఇంటికి కట్టిన పన్ను రసీదులన్నీ ఒక రేకు పెట్టెలో వరుసగా ఉన్నాయి. ఒక్క అర్ధ సంవత్సరం కూడా బాకీ లేదు.

1979లో నేను కాపురానికి వచ్చినప్పుడు మా వీధిలో ఇలాంటి లోగిళ్లు పదకొండు. ఇవాళ మూడు. మిగిలిన ఎనిమిదింటి స్థలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటిని కట్టుకున్నవాళ్లని తప్పు పట్టను. పంపకాలు, పిల్లల చదువులు, అప్పులు, ఎవరి అవసరం వాళ్లది. కానీ ఒక్కో ఇల్లు పడగొట్టినప్పుడు లారీలో వెళ్లిన టేకు స్తంభాలు, చెక్కుడు ద్వారబంధాలు పాత కలప అడితీలో గోడకి ఆనించి ఉండగా చూశాను. ఒకప్పుడు భద్రాచలం పైనుంచి గోదావరిలో తెప్పలు కట్టి తెచ్చిన కలప అని మా అత్తగారు చెప్పేవారు. మళ్లీ అలాంటి చేవ కలప కొనాలంటే మా బోటివాళ్ల వల్ల కాదు.

ఇంతకీ జరిగింది చెప్తాను. 2022 జులైలో ఎడతెరిపి లేకుండా వానలు పడి, గోదావరికి పెద్ద వరద వచ్చిన సంగతి మీకు తెలుసు. ఆ వానల్లో మా పడమటి వసారా దూలం ఒకటి గోడలోకి దిగిన కొస దగ్గర మెత్తబడి, జానెడు కిందికి వంగింది. కోతులు తొక్కి పగలగొట్టిన పెంకుల్లోంచి నీళ్లు ఎన్నేళ్లుగా దిగుతున్నాయో తెలియలేదు. కింద ఊత పెట్టి ఆ వానాకాలం గడిపాం. రాత్రి చిన్న చప్పుడైనా టెన్షన్. మా వారు పోయి అప్పటికి మూడేళ్లు. మా మరిది అమ్మేద్దాం వదినా అన్నాడు. బిల్డర్ ఇంటికొచ్చి రెండు ఫ్లాట్లు ఇస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు.

2023 వేసవిలో పని మొదలుపెట్టాం. కలప, వడ్రంగి కూలి కలిపి 2,35,000. పెంకు దింపి, వాసాలు, రీపర్లు మార్చి, మళ్లీ నేయించడానికి 1,10,000. గోడలకి సున్నం పూతకి 95,000. కొత్త వైరింగుకి 60,000. మోకాళ్ల నొప్పులతో పెరటి దాకా నడవలేక వెనక వసారాలో బాత్రూం కట్టించుకుని, ఆ వసారా వరకు స్లాబు వేయించాను, దానికి 1,80,000. మొత్తం 6,80,000 రూపాయలు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ పథకంలో వేసుకున్న రిటైర్మెంట్ డబ్బు గడువు కాకుండానే తీశాను. కౌంటర్లో కూర్చుని అలా తీయొద్దని ఎంతోమందికి చెప్పినదాన్ని.

సున్నం పూత గురించి కొంచెం చెప్పాలి. 1996 నవంబరు తుపానుకి మా తూర్పు గోడ దెబ్బతింటే మా వారు దానికి సిమెంటు పూయించారు. అప్పట్లో అందరూ అదే చేశారు. పాత ఇటుక, సున్నం గోడ తేమ పీల్చుకుంటుంది, వదులుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ తేమకి బయటికి దారి ఉండదు. ఉప్పు పొంగి, నాలుగైదేళ్లకే పెచ్చులు ఊడటం మొదలైంది. ఈసారి అదంతా చెక్కించి, మళ్లీ సున్నమే పూయించాను. ఆ పని తెలిసిన తాపీ మేస్త్రి మా ఊళ్లో దొరకలేదు. పక్క మండలం నుంచి డెబ్బై ఏళ్లాయన వచ్చాడు. చిన్నప్పుడు గానుగలో ఎద్దులతో సున్నం నూరిన మనిషి. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు ఎంత పాళ్లలో కలపాలో ఇద్దరు కుర్రాళ్లకి దగ్గరుండి నేర్పాడు. ఆ వేసవిలో నాకు మిగిలిన పెద్ద సంతోషం అదే.

పని పూర్తయిన కొన్ని నెలలకి కొలతలు తీయడానికి వచ్చారు. స్లాబు పడింది, బాత్రూం వచ్చింది, కాబట్టి ఇంటి విలువ మళ్లీ లెక్క కట్టారు. అర్ధ సంవత్సరానికి 1,742 రూపాయలుండే పన్ను 2,968 అయింది. వార్డు సచివాలయం నుంచి వచ్చిన అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. ఇల్లంతా తిరిగి చూసి, మండువాలో కాసేపు కూర్చుంది కూడా. తన తప్పేమీ లేదు. ఉన్నది రాసుకుంది.

ఏడాదికి 2,452 రూపాయలు ఎక్కువ. పింఛను ఉంది, కడుతున్నాను. నన్ను బాధపెడుతున్నది మా ఎదురిల్లు. మాకంటే కొంచెం పెద్ద లోగిలి. కొడుకులిద్దరూ బెంగళూరులో, పదేళ్లుగా తాళం. గోడలో రావి మొక్క చెట్టయింది. వీధి అరుగు కుంగింది, బడి పిల్లలు ఆ పక్క నుంచి నడవడానికి భయపడుతున్నారు. ఆ ఇంటికి మామూలుగా ఏటా పెరిగేదే తప్ప పన్నులో మార్పు లేదు. ఉన్న డబ్బంతా పెట్టి ఇల్లు నిలబెట్టుకున్నదాని మీద అదనపు భారం, పాడుపెట్టినదాని మీద ఏమీ లేదు. ఇది ఎవరో కావాలని చేసింది కాదని నాకు తెలుసు. కానీ జరుగుతున్నది ఇదే.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి పట్టణాల్లో ఇంటి పన్ను అద్దె విలువ మీద కాకుండా, స్థలం, కట్టడం కలిపిన మూలధన విలువ మీద వేస్తున్నారు. నివాసాలకి ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం వరకు. ఒకేసారి భారం పడకుండా, కట్టడంలో మార్పు లేని ఇళ్లకి పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదని పెట్టారు, 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే అన్నారు. ఇవి మంచివే. కానీ ఊరి నడిబొడ్డున వెడల్పాటి స్థలంలో ఒక్క అంతస్తుగా ఉండే లోగిలికి ఈ లెక్కలో స్థలం విలువే బరువు. రిజిస్ట్రేషన్ ధరలు పెంచినప్పుడల్లా అది పెరుగుతుంది. పది ఫ్లాట్లున్న చోట ఆ బరువు పది మంది పంచుకుంటారు, ఇక్కడ ఒక్క కుటుంబమే మోయాలి.

హైదరాబాద్‌లో ఇంకా అద్దె విలువ పద్ధతే ఉంది. అందులో ఇంటి వయసుని బట్టి తగ్గింపు ఇస్తారు: 25 ఏళ్ల వరకు 10 శాతం, 40 ఏళ్ల వరకు 20, ఆ పైన 30. అది ఇల్లు అరిగిపోయినందుకు ఇచ్చే తగ్గింపు. అరిగినదాన్ని నిలబెట్టినవాళ్లకి కూడా ఒకటి ఉండాలి కదా అని నేనంటున్నది.

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. రెండేళ్ల కిందట 1956లో కట్టిన ఇల్లు కొన్నారు. మా పన్ను సంగతి ఫోన్లో చెప్తే, అమ్మా, ఇక్కడ దీనికి ఒక చట్టం ఉంది అని వివరం పంపింది. 1991 నాటి చట్టం. దాన్ని ఊరి కౌన్సిల్ తీర్మానం చేసుకుని అమలు చేస్తుంది. 20 ఏళ్లు దాటిన ఇల్లు బాగుచేసుకున్నప్పుడు, దానివల్ల పెరిగిన విలువలో మొదటి 5,000 గానీ, 15,000 గానీ, 25,000 డాలర్లు గానీ ఐదేళ్లపాటు పన్ను లెక్కలోకి తీసుకోరు. ఎంత అన్నది ఆ ఊరే నిర్ణయించుకుంటుంది. న్యూయార్క్ నగరంలో ఇలాంటి రాయితీ 1955లోనే మొదలైందట. అమెరికాలో ఉంది కాబట్టి మనకీ కావాలని రాయడం లేదు. ఇల్లు బాగుచేసినవాళ్లకి కొన్నేళ్లు పన్ను పెంచకుండా ఉంటే ఊరు దివాలా తీయదని తెలియడానికి రాస్తున్నాను.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. 50 ఏళ్లు దాటిన నివాస గృహానికి మరమ్మతు చేసినా, కప్పు మార్చినా, ముసలివాళ్ల కోసం లోపల బాత్రూం కట్టినా, ఆ కారణంగా పదేళ్లు పన్ను పెంచకండి. కప్పు, దూలాలు, గోడల వంటి ఇల్లు నిలబడటానికి అవసరమైన పనికి పెట్టిన ఖర్చులో కొంత భాగం ఆ పదేళ్ల పన్నులో తగ్గించండి. పని ముందు ఫోటోలు, బిల్లులు, మున్సిపల్ ఇంజినీర్ తనిఖీ పెట్టండి. ఈ పదేళ్లలో ఇల్లు పడగొడితే తగ్గించిన ప్రతి రూపాయీ వడ్డీతో వసూలు చేయండి, నాకు అభ్యంతరం లేదు. అద్దెకిచ్చిన ఇళ్లకీ ఇది వర్తించాలి. పాత ఇళ్ల వాటాల్లో తక్కువ అద్దెకి ఉంటున్నవాళ్లు మా వీధిలోనే ఏడు కుటుంబాలున్నారు.

మున్సిపాలిటీకి ఆదాయం పోతుందంటారేమో. నేను మరమ్మతు చేయకపోయి ఉంటే ఈ 2,452 రూపాయలు వాళ్లకి ఎలాగూ వచ్చేవి కావు. ఏప్రిల్లో ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గిస్తున్నారు. ముందుగా కట్టినందుకు తగ్గించగలిగినప్పుడు, కూలబోయే ఇంటిని నిలబెట్టినందుకూ తగ్గించవచ్చు.

మండువా ఇళ్లే కాదు, 1980ల్లో కట్టిన మొదటి తరం అపార్ట్‌మెంట్ల సంగతీ ఆలోచించాలి. స్లాబు కింద పెచ్చులూడి, తుప్పు పట్టిన ఊచలు కనబడుతున్న ఫ్లాట్‌లో మా చెల్లెలు ఉంటోంది. పదహారు ఫ్లాట్లలో ఐదుగురు డబ్బు ఇవ్వం అనడంతో మరమ్మతు నాలుగేళ్లుగా ఆగింది. అందరూ కలిసి పని పూర్తిచేస్తేనే అందరికీ పన్ను తగ్గుతుందని ఉంటే, ఆ ఐదుగురితో మాట్లాడటానికి అసోసియేషన్‌కి ఒక ఆధారం దొరుకుతుంది. ఆ పెచ్చులూడే స్లాబుల కింద కూడా మనుషులు పడుకుంటున్నారు.

మా ఇంటి వీధి వైపు కప్పు ఇంకా మిగిలి ఉంది. దానికి 1,40,000 అవుతుందని మేస్త్రి లెక్క ఇచ్చాడు. ఆయనకి వయసు మీద పడుతోంది, వచ్చే వేసవిలోగా చెప్పమ్మా అన్నాడు. డబ్బు ఎలాగో సర్దుతాను. ఆ పనికి మళ్లీ కొలతల టేపు రాకుండా ఉండేలా పురపాలక శాఖ ఈలోగా ఒక ఉత్తర్వు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తపాలా శాఖ విశ్రాంత ఉద్యోగిని,
గోదావరి తీరం నుంచి