ఈ వేసవి మా మెస్‌లో మార్పులు, మన ఊరి బేస్‌బాల్ కుర్రాళ్ల సంగతి

లెత్‌బ్రిడ్జ్‌లో రోజూ మా దగ్గర తినేవాళ్లకీ, టేబర్ నుంచీ మెడిసిన్ హ్యాట్ నుంచీ వచ్చి పార్సిల్ తీసుకెళ్లేవాళ్లకీ నమస్కారం.

మే నెలాఖరు నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా మా వేళలు, రేట్లు కొంచెం మారుతున్నాయి. దాంతోపాటు, ప్రచారానికి పెట్టే డబ్బంతా ఈ వేసవి మన ఊరి బేస్‌బాల్ జట్టు లెత్‌బ్రిడ్జ్ బుల్స్ ఆటగాళ్లకు చోటిచ్చే ఇళ్లకి భోజనాలు పంపడానికి వాడాలని నేనూ మా ఆయనా అనుకున్నాం. ఈ మాట కౌంటర్ దగ్గర చెప్పినప్పటి నుంచీ అందరిదీ ఒకటే ప్రశ్న. "క్రికెట్ టోర్నమెంటుకి ఇవ్వొచ్చు కదండీ, మన పిల్లలు ఆడేది అదేగా?" అని. ఒకాయన ఇంకా సూటిగా, "ఆ బిల్లు మా ప్లేటు మీద వేస్తున్నారా?" అని అడిగారు.

ముందు ఆయనకే జవాబు చెప్తాను. వెజ్ మీల్స్, నాన్‌వెజ్ మీల్స్ రెండూ ఒక్కో డాలరు పెరుగుతున్నాయి. సోనా మసూరి బస్తా, నూనె, అద్దె పెరిగాయి కాబట్టే ఆ డాలరు. టీమ్ లేకపోయినా పెంచేవాళ్లమే. భోజనాలకు పోయే డబ్బు ఇన్నాళ్లూ ఫ్లయర్లకీ ఆన్‌లైన్ ప్రకటనలకీ పెట్టిందే. వాటిని చూసి వచ్చినవాళ్ల కంటే ఒకరి నోట ఒకరు విని వచ్చినవాళ్లే మాకు ఎప్పుడూ ఎక్కువ.

ఇక టీమ్ సంగతి. మేజర్ లీగ్ బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో 2025లో మన టొరంటో జట్టు బ్లూ జేస్ ఆఖరిదైన ఏడో ఆట దాకా వెళ్లి, పదకొండో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ చేతిలో 5-4తో ఓడిపోయిన రాత్రి మీలో సగం మంది నిద్రపోలేదని నాకు తెలుసు. కానీ ఆ ఆటే ఆడే కుర్రాళ్లు మన ఊళ్లో, హెండర్సన్ చెరువు పక్కనున్న స్పిట్జ్ స్టేడియంలో, చేతికందేంత దూరంలో ఆడతారని చాలామందికి తెలియదు. బుల్స్ ఆడేది వెస్టర్న్ కెనేడియన్ బేస్‌బాల్ లీగ్‌లో. మన ఆల్బెర్టా, పక్కనున్న సస్కాచవాన్ ప్రావిన్సుల ఊళ్ల జట్లన్నీ కలిసి వేసవిలో ఒక్కొక్కటీ 56 ఆటలు ఆడతాయి. ఆడేదంతా కాలేజీ కుర్రాళ్లే. జీతం ఉండదు, తీసుకుంటే కాలేజీలో ఆడే అర్హతకే ముప్పు. కాబట్టి ఊళ్లో ఏదో ఒక కుటుంబం గది ఇచ్చి, అన్నం పెట్టి చూసుకుంటుంది. వాళ్లని బిల్లెట్ ఫ్యామిలీ అంటారు. ఆట ముగిసి కుర్రాడు ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర అవుతుంది, అప్పుడు వాడికి మనిషిన్నర ఆకలి. ఆ వేళకి వంట చేసి పెట్టే తల్లుల శ్రమ కొంచెం తగ్గించడమే మేం చేయగలిగింది.

నాకు గట్టిగా చెప్పాలనిపించే మాట ఒకటుంది. ఇలాంటి టీమ్ ముందుగా చూడాల్సింది ఇక్కడి కాలేజీల్లో ఆడుతున్న కుర్రాళ్లని. అమెరికా పెద్ద యూనివర్సిటీల నుంచి వచ్చే పేర్లు జట్టు జాబితాలో బాగుంటాయి. నిజంగానే కొందరు అద్భుతంగా ఆడతారు. కానీ వాళ్ల కాలేజీ సీజన్ బాగా సాగితే జూన్‌లో రీజినల్స్ అనే కాలేజీ ప్లేఆఫ్‌లు అంటారు, ఇంకా గెలిస్తే ఒమాహాలో కాలేజ్ వరల్డ్ సిరీస్ అంటారు. మన లీగ్ మొదలయ్యేది మే చివర్లో. పిచర్, అంటే బంతి విసిరేవాడు అయితే వసంతమంతా విసిరి విసిరి వస్తాడు, ఇక్కడ ఇన్ని ఇన్నింగ్స్‌కి మించి వేయించొద్దని వాళ్ల కోచ్ ముందే షరతు పెడతాడు. జూలైలో మేజర్ లీగ్ డ్రాఫ్ట్, అంటే పెద్ద జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకోవడం. పైగా ఇప్పుడు కాలేజీ మారాలనుకునేవాళ్లు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెట్టుకుని, కొత్త చోటు దొరగ్గానే పెట్టె సర్దుకుంటున్నారు. వాళ్లని తప్పుపట్టను, వాళ్ల బతుకు వాళ్లది. కానీ ఆగస్టు ప్లేఆఫ్‌ల నాటికి సగం పేర్లు మారిపోయిన జట్టుని ఊరు సొంతం చేసుకోవడం కష్టం.

ఇక్కడివాళ్ల లెక్క వేరు. కెనేడియన్ కాలేజ్ బేస్‌బాల్ కాన్ఫరెన్స్ సీజన్ మే నెలలోనే ముగుస్తుంది. మన ఊళ్లోనే 1995 నుంచి ప్రెయిరీ బేస్‌బాల్ అకాడమీ ఉంది, ఆ పిల్లలు ఇక్కడే చదువుకుంటూ ఆ కాన్ఫరెన్స్‌లో ఆడతారు. కామ్‌లూప్స్‌లో థామ్సన్ రివర్స్, నానైమోలో వాంకూవర్ ఐలాండ్ యూనివర్సిటీ, కెలోనాలో ఒకనాగన్ కాలేజీ, కాల్గరీ యూనివర్సిటీ, ఇవన్నీ అందులోవే. పరీక్షలు అయిపోయి ఉంటాయి, సరిహద్దు దాటే పని లేదు, ఆఖరి ఆట దాకా ఉంటారు. మన పక్క ఊళ్లలో పెరిగి అమెరికా జూనియర్ కాలేజీలకు (మన ఇంటర్ కాదు, స్కూలు తర్వాత రెండేళ్ల కాలేజీలు) వెళ్లి వేసవికి ఇంటికొచ్చే వాళ్లనీ ఈ లెక్కలోనే చేర్చుకుంటాను.

మా దగ్గర వారాంతాల్లో పార్సిళ్లు కట్టే కుర్రాడు అకాడమీ పిచరే. పేరు రాస్తే సిగ్గుపడతాడు, వదిలేస్తున్నాను. చలికాలంలో ఒకరోజు మా ఆయన ఉల్లిపాయలు తరుగుతుంటే ఒకటి చేతిలోకి తీసుకుని స్లైడర్ అనే, పక్కకి తిరిగే బంతి వేయడానికి ఎలా పట్టుకోవాలో చూపించాడు. చూపుడువేలు, మధ్యవేలు దగ్గరగా చేర్చి, నడిమధ్య నుంచి కొంచెం పక్కకి జరిపి, బొటనవేలు కింద ఆనించి. మధ్యవేలి కొస కాయకాసి గట్టిపడి ఉంది. బయట మైనస్ ఇరవై ఉన్న రోజుల్లో షెడ్డు లోపల నెట్‌లో విసిరి విసిరి వచ్చిన కాయ అది. ఏప్రిల్‌లో బయటికొచ్చాక మన ఊరి గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ గాలిలో బంతి ఎటు పోతుందో, ఎత్తుగా లేచిన బంతి కింద ఎక్కడ నిలబడాలో ఈ పిల్లలకి ఎవరూ నేర్పాల్సిన పని లేదు.

మరి వీళ్లతోనే గెలుస్తామా? గెలవలేం. ఆ మాటా చెప్పాలి. మంచు వల్ల ఇక్కడివాళ్లకి బయట ఆడే ఆటలు తక్కువ, వేగమైన పిచింగ్ ఎదుర్కొన్న అనుభవం తక్కువ. అమెరికా కుర్రాళ్లు కొందరు జట్టులో ఉండాల్సిందే. అయితే వాళ్లకీ ఇక్కడ ఒక పరీక్ష ఉంది. అక్కడి కాలేజీల్లో ఆడేది లోహపు బ్యాట్‌తో, ఇక్కడ చెక్క బ్యాట్‌తో. బంతి పిడి దగ్గర తగిలితే చెక్క బ్యాట్ విరిగిపోతుంది, చేతులు జివ్వుమంటాయి. అక్కడ బాగా కొట్టినవాడు ఇక్కడ జూన్ అంతా తడబడటం మామూలే. స్థానిక కుర్రాళ్లకి కావలసింది అవకాశం, అంటే ఆఖరి ఇన్నింగ్స్‌లో స్కోరు సమంగా ఉన్నప్పుడు కూడా వాళ్ల చేతికి బంతి ఇవ్వడం. కెనడా కాలేజీ నుంచి ఎంత దూరం వెళ్లొచ్చో అడిగితే జెఫ్ ఫ్రాన్సిస్ పేరు చెప్తాను. బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో ఆడిన పిచర్. 2002 డ్రాఫ్ట్‌లో కొలరాడో రాకీస్ అతన్ని తొమ్మిదో స్థానంలో తీసుకుంది. 2007 వరల్డ్ సిరీస్ మొదటి ఆటలో రాకీస్ తరఫున మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) ఎక్కి ఆట మొదలుపెట్టింది అతనే.

క్రికెట్ గురించి. మన వాళ్ల టోర్నమెంటుకి ప్రతి ఏడూ ఇస్తున్న మజ్జిగ, పులిహోర ఈసారీ ఇస్తాం, అందులో కోత లేదు. కానీ చలిలో, మంచులో మా కొట్టు నిలబడింది ఒక్క మన వాళ్ల వల్లే కాదు. ఈ ఊరి వాళ్లు దోశ పేరు పలకడం నేర్చుకుని మరీ వచ్చారు. వాళ్ల పిల్లలకి ఒక పూట అన్నం పెట్టడం మాకు సంతోషం.

మన ఇళ్లలో గది ఖాళీగా ఉండి, బిల్లెట్ ఫ్యామిలీగా ఉండాలని ఉన్నా "మేం మాంసం వండం, ఆ పిల్లాడేం తింటాడు" అని ఆగిపోయినవాళ్లు ఇద్దరు ముగ్గురు నాతో అన్నారు. ఆ భోజనం మేం పంపుతాం, ఉడికించిన గుడ్లు, చికెన్ కూర, అన్నం, కారం తక్కువ. మీరు పెరుగన్నం పెట్టినా వాళ్లు కాదనరు, మా పార్సిళ్ల కుర్రాడు ఆవకాయతో కలుపుకుని తింటున్నాడు. ఇష్టమున్నవాళ్లు నేరుగా టీమ్ ఆఫీసుకి చెప్పండి. కావాలంటే నేను తోడు వస్తాను.

ఇక వేళలు. సొంత ఊళ్లో ఆట ఉన్న రోజుల్లో సాయంత్రం డైనింగ్ ఎనిమిదింటికే ఆపేస్తాం, పార్సిల్ కౌంటర్ మాత్రం పదింటిదాకా తెరిచి ఉంటుంది. బుల్స్ బయట ఊళ్లలో ఆడే రోజుల్లో పాత వేళలే. శనివారం దోశ పిండి, ఇడ్లీ పిండి కావలసినవాళ్లు ఈ సీజన్‌లో గురువారం రాత్రికల్లా చెప్పాలి, ఆ రుబ్బురోలు మీదే భోజనాల పనీ ఉంటుంది. బిర్యానీ శుక్రవారం, ఆదివారం రెండు రోజులూ ఉంటుంది, మంగళవారం సెలవు ఎప్పటిలాగే.