ఉచితంగా చదరంగం ఆడిస్తున్నది ఎవరు?

ఎడిటర్ గారికి నమస్కారం.

కోనేరు హంపి, అర్జున్ ఇరిగేశి గెలిచినప్పుడల్లా మీ క్రీడల పేజీలో చక్కగా రాస్తున్నారు. ఆ వార్తలు చూసి మా వీధి పిల్లలు చదరంగం నేర్పమని వస్తున్నారు. సాయంత్రాలు నేర్పుతున్నాను. ఇంటికెళ్లాక ఫోన్‌లో లీచెస్ అనే ఉచిత చదరంగం వెబ్‌సైట్‌లో ఆడుకోమంటే మాత్రం తల్లిదండ్రులకు ఒకటే అనుమానం: "డబ్బు తీసుకోకుండా ఎవరు పెడతారు మాస్టారూ?" వాళ్ల భయం సబబైనదే. జవాబు మీ పత్రికలో వస్తే పదిమందికీ తెలుస్తుందని ఈ ఉత్తరం.

జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్లాలి. దూరంగా ఉన్నవాళ్లు కంప్యూటర్ల మీద చదరంగం ఆడుకునేందుకు 1992లో అమెరికాలో ఇంటర్నెట్ చెస్ సర్వర్ మొదలైంది. అప్పట్లో తెర మీద బొమ్మల బోర్డు లేదు. గీతలతో గళ్లు, అక్షరాలే పావులు. ఎత్తు వేయాలంటే గడి పేరు టైపు చేయాలి. ఆడేవాళ్లే ఖాళీ దొరికినప్పుడు దాన్ని బాగుచేస్తూ పెంచారు. తర్వాత దాన్ని నడిపిన ప్రొఫెసర్ డేనియల్ స్లేటర్ 1995లో వ్యాపారంగా మార్చి, ఏడాదికి 49 డాలర్లు చందా పెట్టారు. నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్ల గడియారం అన్యాయంగా తరిగిపోకుండా ఏర్పాటు చేసింది కూడా ఆయనే, ఆ కష్టాన్ని తీసిపారేయలేం. కానీ అందరూ ఊరికే చేసిన పనిని అమ్ముతారా అని కొందరికి మనసు కష్టమైంది. వాళ్లు విడిపోయి అదే ఏడాది ఉచిత సర్వర్ ఒకటి పెట్టుకున్నారు.

2010లో ఫ్రాన్స్‌కు చెందిన తిబో డ్యూప్లెసి అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టిన లీచెస్‌దీ ఆ దారే. ఇప్పుడు దాన్ని లాభాపేక్ష లేని సంఘం నడుపుతోంది. ప్రకటనలు లేవు. ప్రోగ్రామ్ మొత్తం ఎవరైనా తెరిచి చూడవచ్చు, ఖర్చుల లెక్క కూడా అందరి ముందే ఉంటుంది. ఆట అయ్యాక మా పిల్లలు ఒక బటన్ నొక్కుతారు. ఎక్కడ గుర్రాన్ని పోగొట్టుకున్నారో, అక్కడ ఏ ఎత్తు వేయాల్సిందో వచ్చేస్తుంది. ఆ లెక్కలు కట్టేది చాలావరకు వేరే దేశాల్లో ఎవరెవరో ఊరికే ఇచ్చిన కంప్యూటర్లు. విరాళం ఇచ్చినవాళ్లకు దక్కేది పేరు పక్కన చిన్న రెక్కల గుర్తు, అంతే. ఇచ్చినవాళ్లకీ ఇవ్వనివాళ్లకీ ఆటలో ఒక్క సౌకర్యం కూడా తేడా ఉండదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఫీజు కట్టలేని ఇంటి పిల్ల కూడా ఇక్కడ తలెత్తుకుని ఆడుతుంది.

తల్లిదండ్రులకు ఇంకో మాట. ఖాతాకు అసలు పేరు ఇవ్వక్కర్లేదు. సెట్టింగుల్లో పిల్లల మోడ్ పెడితే కొత్తవాళ్ల మెసేజ్‌లు రావు, ఆ టెన్షన్ అక్కర్లేదు.

కంప్యూటర్లు ఉన్న ప్రభుత్వ బడుల్లో వారానికి ఒక పీరియడ్ అయినా దీనికి కేటాయించాలని రెండు రాష్ట్రాల విద్యాశాఖలనూ కోరుతున్నాను. లీచెస్‌ను వేర్వేరు భాషల్లోకి అనువదించేది కూడా వాలంటీర్లే కాబట్టి, ఆట తెలిసిన తెలుగు లెక్చరర్లు, విద్యార్థులు ఒక చెయ్యి వేయాలి. మీ ఆదివారం అనుబంధంలో దీని గురించి వివరంగా ఒక వ్యాసం వేయించండి.

ఇట్లు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
తెనాలి.